కుచ్చిళ్ళకి రెండంగుళాల తగ్గింపు

నాకు కోపం ఎక్కువని ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే పేరొచ్చింది. రిటైరైన రోజున నాకు శాలువా కప్పినాయన కూడా ఆ మాటే అన్నాడు, కాకపోతే 'ముక్కుసూటి మనిషి' అని కాస్త పంచదార అద్ది అన్నాడు. ఉన్నమాటే కదా, నేనేమీ అనుకోలేదు. ఆ కోపాల్లో చాలావాటిని తలుచుకుని ఇప్పుడు నేనే నవ్వుకుంటాను. ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. డాక్టరు చదువు చదువుతున్న పిల్లలు చదువుతారని చెప్పి ఒక పత్రికవాళ్ళు రాయమన్నారు కనుక దాని గురించే రాస్తాను. మీలో ఒకరిద్దరికైనా ఒళ్ళు మండితే నాకంతే చాలు.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన రోజులవి. తెనాలి వైపు ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా ఉన్న నన్ను ఒక పరిశోధన పనికి పంపించారు. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు చోట్లా మూడు కేంద్రాలు పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళలో మనుషుల పొట్టలు కొలిచి రక్తం తీసుకుంటున్నారు. అన్నిటికీ పైన ఉండే పెద్దసారు బాపట్లలో కూర్చునేవారు. అక్కడ లెక్కలు చూడటమే, కొలతలూ రక్తాలూ మిగతా రెండు కేంద్రాలవి. రేపల్లెకి ఒక డాక్టరు ఉన్నాడు. తెనాలిది నాకిచ్చారు. నేను చేరేసరికే మొదటి విడత కొలతలూ రక్తాలూ అయిపోయాయి.

ఆ పరిశోధన మంచిదే, అది ముందే చెప్పాలి. మనిషికి రెండు వయసులుంటాయి. పుట్టిన తేదీ చెప్పేది ఒకటి, ఒళ్ళు చెప్పేది ఇంకొకటి. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు ఊరికే కూర్చోదు. రక్తంలోకి ఏవేవో వదులుతూ, పైకి కనపడని వాపు ఒకటి ఒంట్లో రాజేస్తూ ఉంటుంది. ఆ వాపు గుర్తులు రక్తంలో దొరుకుతాయి. ఇంకోటి కూడా ఉంది. తాడు పురి విడిపోకుండా కొసన ముడి వేస్తాం చూడండి, మన జన్యువుల పోగులకి కూడా చివర్న అలాంటి కట్టు ఒకటి ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ అది అరిగిపోతుంది. పొట్ట ఉన్నవాళ్ళకి అది తొందరగా అరుగుతోందా, వాళ్ళ రక్తం వాళ్ళకంటే ముసలిదా అన్నది మా ప్రశ్న. ఇక్కడ చూడాల్సింది బరువు కాదు, పొట్ట. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవాళ్ళు మన వైపు కొల్లలు. వాళ్ళని కాటా ఎక్కిస్తే అది నిక్షేపంగా ఉన్నావు పొమ్మంటుంది.

మగవాళ్ళ పొట్టలు కొలవడం పెద్ద పని కాదు. కొల్లిపరలో రైతులు చొక్కా విప్పి అరుగు మీద వరసగా నిలబడేవారట. ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, పరగడుపున, ఒంటి మీదే టేపు పెట్టాలి. అంతే. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి మావాళ్ళకి కాళ్ళు తడబడ్డాయి. కొలిచేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. చీర మీదనే టేపు చుట్టించి, ఆ చివరా ఈ చివరా వాళ్ళనే పట్టుకోమని, దూరం నుంచి అంకె చదివి రాసుకొచ్చారు. మరి చీర మందం సంగతి? దానికి బాపట్లలో పెద్దసారు ఒక సూత్రం కనిపెట్టారు. ప్రతి ఆడమనిషి కొలతలోంచీ రెండంగుళాలు తీసెయ్యాలి. దానికి ఆయన పెట్టిన పేరు 'కుచ్చిళ్ళ తగ్గింపు'.

ఈ మాట విన్న రోజున నేను తింటున్న ఇడ్లీ గొంతులో అడ్డం పడింది. గంజి పెట్టిన నూలు చీరా, ఒంటికి అంటుకుపోయే పాలియెస్టర్ చీరా ఒకటేనా? గుప్పెడు కుచ్చిళ్ళు బొడ్డులో దోపిన మనిషీ, సన్నగా మడత పెట్టుకున్న మనిషీ ఒకటేనా? నాతో పనిచేసే నర్సు, లూథరన్ చర్చి ఇంటి పిల్ల, నాకంటే పదేళ్ళు చిన్నది, నాకంటే నోరున్నది, ఊరికే ఉండకుండా తన మీదే పరీక్ష చేసి చూపించింది. డ్యూటీ చీరలో ఒక కొలత. ఆదివారం గుడికి కట్టుకెళ్ళే పట్టుచీరలో ఇంకో కొలత. నైటీలో మరో కొలత.

"చూశారా మేడమ్," అంది టేపు చుట్టేస్తూ, "పెద్దసారి లెక్కన ఆదివారం నాడు నాకు పొట్టుంది, సోమవారానికి ప్రభువు దయవల్ల కరిగిపోయింది."

ఆ రోజుల్లోనే అమృతలూరు వైపు ఒక ఊళ్ళో మామూలు షుగరు రిపోర్టులు పంచడానికి వెళ్ళాను. అక్కడ ఆమె కనిపించింది. గుడి పూజారిగారి భార్య. వయసు నలభై ఒకటని చెప్పింది. నేను యాభై అయిదు అనుకున్నాను. చేతులు సన్నగా, బుగ్గలు లోపలికి పోయి, పొట్ట మాత్రం ఎత్తుగా ఉంది. మెడ వెనక, షుగరు పొంచి ఉన్నవాళ్ళకి పడేలాంటి నల్లటి చార. కాటా మీద బరువు సరిపోయింది, పరగడుపు షుగరు కూడా హద్దులోనే ఉంది. రిపోర్టు చేతిలో పెట్టి బాగానే ఉందమ్మా అంటే ఆమె కదల్లేదు.

"డాక్టరమ్మగారూ, మా అమ్మ నలభై ఆరేళ్ళకి పోయిందండి. పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. మా అక్క నలభై నాలుగుకి. ఇద్దరూ నాలాగే పుల్లల్లా ఉండేవాళ్ళండి. ఇద్దరికీ ఇదే పొట్ట. అప్పుడూ డాక్టర్లు బాగానే ఉందన్నారు. మీరు ఆ ఐసు పెట్టెలో దాచిన రక్తం చూస్తే ఒంటి అసలు వయసు తెలుస్తుందటగా? నాది తెలిస్తే నాకు చెబుతారా?"

చెబుతానని మాటిచ్చాను. నిజానికి అదే మా ఏర్పాటు కూడా. తీసిన రక్తంలో కొంత చిన్న గొట్టాల్లో పోసి తెనాలి, రేపల్లె కేంద్రాల్లో డీప్ ఫ్రీజర్లలో దాచారు. అవి ఐసు పెట్టెలో నగరంలోని పెద్ద ల్యాబుకి వెళ్ళాలి. అక్కడ చెడు తేలిన వాళ్ళని పిలిచి రెండేళ్ళపాటు గుండె డాక్టరు చేత చూపించాలి. మామూలు పరీక్షల్లో పట్టుబడని మనిషికి అదొక్కటే దారి.

పొట్ట గురించి అడిగితే ఆమె సిగ్గుపడుతూ ఒక సంగతి చెప్పింది. పులిహోర, చక్రపొంగలి, దద్దోజనం, ఏదో ఒకటి గుళ్ళో రోజూ మిగులుతుంది. ప్రసాదం పారెయ్యకూడదు. మిగిలినదంతా రాత్రికి ఆమె తినాల్సిందే. "పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ నేనేనండి ఆఖరి విస్తరి," అంది. పూజారిగారికి కూడా మంచి బొజ్జే ఉంది. ఆయనది మొదటి విడతలోనే దర్జాగా, ఒంటి మీదే కొలిచారు. "ఇది పొట్ట కాదండీ, స్వామివారి ప్రసాదం," అని నిమురుకుంటూ నాతో కూడా అన్నాడు. ఒకే వంట, ఒకే నెయ్యి. కానీ ఆయన పొట్టకి తగ్గింపు లేదు, ఆమె పొట్టకి ఉంది.

ఆ తర్వాత సోమవారం నన్ను బాపట్ల రమ్మన్నారు. లెక్కలు చూసే కుర్రాయన పాపం నిజాయితీగా చెప్పాడు. "సార్, మగవాళ్ళ కొలతలు నిలకడగా ఉన్నాయండి. ఆడవాళ్ళవి చెల్లాచెదురుగా ఉన్నాయి. వీటితో ఏమీ తేల్చలేమండి."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే ఆడవాళ్ళని తీసేద్దాం. శనివారం పెట్టెలో మగవాళ్ళవి పంపండి. ఆడవాళ్ళ గొట్టాలు ఖాళీ చేసెయ్యండి, ఫ్రీజర్లో చోటు మిగులుతుంది."

ఎంత సులువుగా అన్నారో! ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. చీర మీద కొలవమన్నది ఎవరు? తగ్గింపు కనిపెట్టింది ఎవరు? తప్పు మీది, శిక్ష వాళ్ళకా?

"వాళ్ళ రక్తం చేసిన పాపమేంటి సార్?" అన్నాను. "రక్తానికి కుచ్చిళ్ళు లేవుగా!"

"అలా కాదమ్మా. పిల్లల్ని కన్నాక ఆడవాళ్ళందరికీ ఉంటుంది పొట్ట. దానికి అంత అర్థం లేదు. నన్ను చూడండి, నాకే లేదూ కాస్త? అయినా నాది ముప్ఫై నాలుగే."

"అది మీ ప్యాంటు సైజు సార్. పొట్ట కింద కట్టుకున్నదానికి పొట్టతో ఏం సంబంధం?"

కుర్రాయన దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. పెద్దసారి మొహం కందగడ్డయింది. చివరికి విసుగుతో ఒక మాట అన్నారు. "శుక్రవారం లోపు మీరు ఎవర్ని సరిగ్గా కొలిచి పంపితే వాళ్ళ గొట్టాలే పెట్టెలోకి ఎక్కుతాయి. ఒంటి మీద కొలవాలి, పరగడుపున కొలవాలి. మిగతావి పారేసెయ్యాలి. ఇంక నాతో వాదించకండి."

సాయంత్రం తెనాలి చేరగానే రేపల్లె డాక్టరుకి ఫోన్ చేశాను. అటు వైపు ఊళ్ళు ఆయనవి. "ఆడవాళ్ళ నడుములు కొలవడానికాండీ నేను ఇంత చదువు చదివింది?" అని నవ్వాడు. "మీరు కొలవద్దు. మా పని అవగానే శుక్రవారం నేనూ నర్సూ వస్తాం. ఆ రోజు తెల్లవారేసరికి మీ ఊరి ఆడవాళ్ళని పరగడుపున ఉండమని కబురు పెట్టండి. మేం వచ్చేదాకా గొట్టాలు ముట్టుకోకండి," అన్నాను. "సరేనండి, సరేనండి," అని పెట్టేశాడు. ఆ రెండు సరేల మీద నేను నమ్మకం పెట్టుకున్నాను. పెట్టుకోకపోతే ఏం చెయ్యను, రెండు చోట్లా నేనొక్కదాన్నే ఉండలేను కదా.

మంగళవారం నందివెలుగులో బడి గది ఒకటి అడిగి, కిటికీలకి దుప్పట్లు కట్టాం. ఒక్కరూ రాలేదు. నర్సు ఇల్లిల్లూ తిరిగింది. ఒక ఇంటి దగ్గర గిన్నెలు తోముకుంటున్న ఆవిడ తలెత్తి చెప్పిందట, "బళ్ళోకొచ్చి చీర విప్పమంటే ఏ ఆడదొస్తుందమ్మా? మేం మనుషులం కామా? నైటీలో రమ్మంటే వస్తాం. రోజూ దాంతోనే కదా ఉండేది." ఇంత చిన్న సంగతి ఇంత పెద్ద పరిశోధనలో ఎవరికీ తట్టలేదు. నైటీకి బొందు లేదు, కుచ్చిళ్ళు లేవు. కింద నుంచి చెయ్యి పెట్టి ఒంటి మీద టేపు చుట్టొచ్చు, ఎవరికీ ఏమీ కనపడదు.

మర్నాడు పొద్దున్నే ఆటోల మీద ఆటోలు దిగాయి. పువ్వుల నైటీలు, గళ్ళ నైటీలు, అందరి భుజాల మీదా తువ్వాళ్ళు. ఒకావిడ తలంటుకుని వచ్చింది. ఇంకొకావిడ కొత్త నైటీ కుట్టించుకునే టైము లేదని కోడలిది వేసుకొచ్చింది. పెళ్ళికెళ్తున్నట్టు కబుర్లు, నవ్వులు.

"వదినా, నీ పొట్టకి ఈ టేపు చాలదే!"

"చాలకపోతే నీది కూడా కలిపి కొలుస్తార్లే, నోర్ముయ్!"

బడి పెద్ద పంతులుగారు పరిగెత్తుకొచ్చారు. "ఇది సరస్వతీ నిలయం అండీ. ఈ అవతారాలేంటండీ?" అన్నారు. "మీ బడి గోడ మీద ఆరోగ్యమే మహాభాగ్యమని రాయించారు కదండీ. ఆ భాగ్యం నైటీలో వచ్చింది, లోపలికి రానివ్వండి," అన్నాను. ఆయన గొణుక్కుంటూ వెళ్ళి బాపట్లకి ఫోన్ చేశారట. పెద్దసారు నాకు ఫోన్ చేసి, ప్రతిష్ఠ, మర్యాద అని ఏదో చెప్పారు. నేను సిగ్నల్ లేదని పెట్టేశాను.

గురువారం కొల్లిపర వైపు కూడా ఇలాగే అయింది. శుక్రవారం పొద్దున అమృతలూరు వైపు. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళంతా వచ్చారు. పూజారిగారి భార్య రాలేదు. ఎవరినైతే తలుచుకుని ఈ యుద్ధమంతా చేస్తున్నానో ఆ మనిషే రాలేదు. టేపు పట్టుకుని నర్సూ నేనూ వాళ్ళింటికి నడిచాం.

ఆమె వంటింటి గుమ్మంలో తడిచీరతో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఈ ఇంట్లో నైటీలు లేవండి. ఎప్పుడూ వెయ్యలేదు. పైగా ఇవాళ శుక్రవారం, తెల్లవారుజాము నుంచీ మడి. అమ్మవారికి నైవేద్యం నేను వండితేనే. ముట్టుకుంటే మళ్ళీ స్నానం, మళ్ళీ మొదట్నుంచీ వంట. ఈయన వద్దన్నారండి."

పూజారిగారు అరుగు మీదనే ఉన్నారు. "నైవేద్యం ఆలస్యమైతే ఊరు నన్నడుగుతుందండీ, మిమ్మల్ని కాదు. మధ్యాహ్నం రండి."

"మధ్యాహ్నానికి ఆవిడ భోంచేస్తుంది. పరగడుపున కొలిస్తేనే లెక్క. రేపు పెట్టె వెళ్ళిపోతుంది," అన్నాను.

"ఆడదాని నడుం కొలిచే చదువు ఏం చదువండీ అసలు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయాను. అంతలో పెరట్లో నుంచి ఆయన తల్లిగారు వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, నడుం వంగిపోయింది. ఆచారంలో ఆ ఇంట్లో అందరికంటే పట్టుదల ఆవిడదేనని ఊరంతా చెప్పుకునేవారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఒరేయ్," అంది కొడుకుతో, "నీ పొట్ట కొలిచినప్పుడు ఏ శాస్త్రం అడిగావురా నువ్వు? నిలబడి చూపించి, నలుగురికీ చెప్పుకు తిరిగావు. దీని తల్లి పోయినప్పుడు చూశాను, దీని అక్క పోయినప్పుడు చూశాను. మూడోది కూడా చూడమంటావా నన్ను? నా మడి నాకుంది, నైవేద్యం నేను వండుతాను. పోవే, పోయి కొలిపించుకో."

పూజారిగారు కండువా సర్దుకుని గుడి వైపు నడిచారు. కోడలు ఇంకా నమ్మలేనట్టు అలాగే చూస్తోంది. నర్సు గడప బయటే ఆగిపోయింది. "నేను ముట్టుకోకూడదేమో మేడమ్, మీరు కొలవండి," అని టేపు నా చేతిలో పెట్టబోయింది.

"ఎవరు ముట్టుకున్నా మడి పోయేదే కదా సిస్టరమ్మా," అంది ఆమె. "మొన్న రక్తం తీసినప్పుడు మీ చెయ్యి నొప్పి తెలియనివ్వలేదు. మీరే రండి." మెల్లిగా అంది, "ఇన్నేళ్ళూ వేళకి పెట్టాను. ఒక్కరోజు ఆలస్యమైతే అమ్మవారు ఓర్చుకుంటుందండి. ఓర్పు లేనిది నా ఒంటికే."

లోపలి గదిలో చీర వదులు చేసింది. నడుం చుట్టూ లంగా బొందు కోసుకుపోయి నల్లటి గాటు పడింది. పొట్ట పైకి కనపడకూడదని ఏళ్ళ తరబడి బిగించి కట్టిందట. ఆ గాటుకి పైన, ఎముకల మధ్య నర్సు టేపు పెట్టింది. మొదటి విడతలో, పెద్దసారి తగ్గింపు పోగా, ఈమె పొట్ట హద్దులోనే ఉన్నట్టు రాసుకున్నారు. ఇప్పుడు టేపు చూసి నేనూ నర్సూ మొహమొహాలు చూసుకున్నాం. తగ్గించిన అంకెకీ దీనికీ పొంతనే లేదు. ఆమె మా ఇద్దరి మొహాలూ చదివేసింది. "ఎక్కువే కదండీ?" అని నవ్వుతూ అడిగి, చీర కట్టుకుని, మళ్ళీ స్నానానికి బోరింగు దగ్గరికి వెళ్ళింది. ఆ నవ్వు మొహం నాకిప్పటికీ గుర్తుంది. చెడు వార్త విని ఊపిరి పీల్చుకున్న మనిషిని ఆ ఒక్కసారే చూశాను. ఎవరో ఒకరు ఇన్నాళ్ళకి ఆమె భయాన్ని నమ్మారు, అదీ సంగతి.

అక్కడి నుంచి జీపులో రేపల్లె. దారిలో నర్సు హుషారుగా ఉంది. వాళ్ళ సొంత అక్క రేపల్లెలోనే ఉంటుంది. ఆవిడ గొట్టం కూడా అక్కడి ఫ్రీజర్లో ఉంది. "మా అక్క నైటీ ఇస్త్రీ చేసుకుని తయారుగా ఉందట మేడమ్, పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదట," అని నవ్వింది.

రేపల్లె కేంద్రం గుమ్మంలో ఒక్క ఆడమనిషి కూడా లేదు. వరండా ఊడ్చి ముగ్గేసి ఉంది. కాగితం తోరణాలు కట్టి ఉన్నాయి. డాక్టరు కూతురి పుట్టినరోజట, సాయంత్రం స్టాఫుకి పార్టీ. నేను తిన్నగా ఫ్రీజరు దగ్గరికి వెళ్ళి మూత ఎత్తాను. ఒక పక్క మగవాళ్ళ గొట్టాలు బుద్ధిగా వరసలో ఉన్నాయి. రెండో పక్క నిండా ఐస్‌క్రీం కప్పులు.

"ఆడవాళ్ళవేవీ?" అన్నాను.

"సోమవారమే ఖాళీ చేయించానండి. మధ్యాహ్నమే ఫోన్లో పెద్దసారి ఆర్డరొచ్చింది కదా. మీరు ఫోన్ చేసేసరికే చెత్తలో కలిపి తగలబెట్టేశారు. మీరు బాధపడతారని చెప్పలేదు."

బాధపడతానని చెప్పలేదట! నాలుగు రోజులు నోరు మూసుకుని, మాకు సరే సరే అని కబుర్లు చెప్పి, ఆ చోట్లో ఐస్‌క్రీం పెట్టుకున్నాడు. ఆ గొట్టాల కోసం ఆడవాళ్ళు పొలం పని మానుకుని వచ్చారు. సూదంటే భయపడి కళ్ళు మూసుకుని చెయ్యి చాపారు. నేను ఆయన్ని అన్న మాటలు ఇక్కడ రాస్తే పత్రికవాళ్ళు వెయ్యరు. వీధిలో జనం పోగయ్యారంటే మీరే ఊహించుకోండి. ఆయన చివరిదాకా ఒక్కటే మాట, "ఆర్డరు కదండీ." చదువుకున్నవాడు చేతులు దులుపుకోవడానికి ఆ మాటని మించిన తువ్వాలు లేదు.

నర్సు మాత్రం ఫ్రీజర్లోంచి ఐస్‌క్రీం కప్పులు ఒక్కొక్కటే తీసింది. వరండాలోకి పట్టుకెళ్ళి, మిట్టమధ్యాహ్నం ఎండలో, మెట్ల మీద వరసగా పేర్చింది. ఎవరూ ఆపలేదు, డాక్టరు కూడా. ఆఖరి కప్పు పెట్టి చేతులు తుడుచుకుంది.

"ప్రభువు క్షమిస్తాడండి ఈయన్ని," అంది నాతో. "నేను క్షమించను." అక్క ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు తాగమని చెప్పి వచ్చింది.

శనివారం తెనాలి స్టేషన్లో పెట్టె ఎక్కింది. నందివెలుగు, కొల్లిపర, అమృతలూరు ఆడవాళ్ళు వెళ్ళారు. రేపల్లె ఆడవాళ్ళు వెళ్ళలేదు.

ఫలితాలు కొన్ని నెలలకి వచ్చాయి. పొట్ట ఉన్నవాళ్ళ రక్తంలో వాపు గుర్తులు ఎక్కువ, తాడు కొసల అరుగుదల ఎక్కువ. ఒకటి ఇంకోదానికి కారణమని కాదు, రెండూ కలిసి నడుస్తున్నాయని మాత్రమే చెప్పగలమని ల్యాబువాళ్ళు జాగ్రత్తగా రాశారు. కానీ పిల్లల్ని కన్న పొట్టకి అర్థం లేదన్న మాట మాత్రం అందులో నిలబడలేదు. మా ఆడవాళ్ళలోనూ అదే కనపడింది. పూజారిగారి భార్య రక్తం ఆమెకంటే బాగా పెద్దది. మాటిచ్చినట్టే నేనే వెళ్ళి చెప్పాను. తెనాలిలో గుండె డాక్టరుకి చూపిస్తే రెండు నాళాలు అప్పటికే సన్నబడి ఉన్నాయి. మందులు మొదలుపెట్టారు, నడవమన్నారు. ఆఖరి విస్తరి సంగతి అత్తగారు తేల్చేసింది. మిగిలిన ప్రసాదం నాట్లేసే కూలీలకి వెళ్ళడం మొదలైంది. పారెయ్యకూడదన్నారు కానీ కోడలి పొట్టలోనే వెయ్యాలని ఎక్కడా లేదని ఆవిడ తీర్పు.

ఆ ఏడాది చివర బాపట్లలో పెద్ద సభ జరిగింది. ఎక్కడెక్కడి నుంచో పెద్దలొచ్చారు. పెద్దసారు తెర మీద బొమ్మలు చూపిస్తూ, "మహిళలను మేము ప్రత్యేక శ్రద్ధతో కొలిచాం," అన్నారు. నా పక్కన కూర్చున్న నర్సు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, లేవనివ్వకుండా. ముందు వరసలో ఒకాయన అడిగాడు, "రేపల్లె మహిళలు ఇందులో కనపడటం లేదేంటండీ?"

"కొన్ని సాంకేతిక కారణాల వల్ల," అన్నారు పెద్దసారు.

నర్సు నా మోచెయ్యి వదిలేసింది. నేను లేచాను. "సాంకేతిక కారణమంటే ఐస్‌క్రీమా సార్?"

హాలంతా నవ్వింది. నేను జోకు వేశాననుకున్నారు. నేను అంతా చెప్పేవరకూ కూర్చోలేదు. చెబుతున్న కొద్దీ నవ్వు తగ్గింది. కానీ టీ వేళ అయిందని ఎవరో అన్నారు, అంతటితో సభ లేచింది. వారం తిరక్కుండా నన్ను మా పాత ఆరోగ్య కేంద్రానికి తిరిగి పంపించేశారు. రేపల్లె డాక్టరుకి పై పదవి వచ్చింది. రేపల్లె ఆడవాళ్ళ దగ్గర మళ్ళీ రక్తం తీయండని నేను ఎన్ని చోట్ల తిరిగానో చెప్పను. 'ఆ పథకం ముగిసింది' అన్నదే అన్నిచోట్లా దొరికిన జవాబు.

పిల్లలూ, మీ చేతుల్లో ఇప్పుడు నా రోజుల్లో లేని యంత్రాలున్నాయి. సంతోషం. కానీ ఒక మనిషి కొలత మీకు కుదరకపోతే, మీ టేపుని అనుమానించండి, మనిషిని తీసెయ్యకండి. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు, ఇప్పటికీ కాదు.

కొన్నేళ్ళ తర్వాత ఒక పొద్దున, తెనాలిలో మా ఇంటి గేటు చప్పుడైంది. పూజారిగారి భార్య. వెనక అత్తగారు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చేతిలో చిన్న గిన్నె, దాని మీద అరిటాకు ముక్క. ఇద్దరూ బస్సు దిగి నడిచొచ్చారు. ఆమె ఎగశ్వాస లేకుండా మా మేడ మెట్లెక్కింది. ఏంటమ్మా విశేషం, పండగేమైనానా అని అడిగాను.

"పండగేనండి. లెక్క వేసుకున్నాను. ఇవాళ్టితో మా అమ్మకంటే పెద్దదాన్నయ్యాను."

గిన్నెలో చక్రపొంగలి ఒక్క గరిటెడే ఉంది. ముగ్గురం మూడు ముద్దలు తిన్నాం. అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. నేను కూడా ఒత్తుకున్నాను, నాకు కోపమే తప్ప ఏడుపు రాదనుకునేవాళ్ళకి ఈ సంగతి తెలియదు.

వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగి అడిగింది. "ఆ రేపల్లె వాళ్ళంతా బాగున్నారాండీ?"

ఏం చెప్పను? బాగున్నారో లేదో చెప్పగలిగిన గొట్టాలు చెత్తలో కాలిపోయాయి. ఇవాళ మా అమ్మకంటే పెద్దదాన్నయ్యానని చెప్పడానికి రేపల్లె నుంచి మాత్రం నా గేటు ఎవరూ తట్టలేదు.